గ్రామరు నేర్చిన సిపాయి

నేను ఈ కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతున్న రోజుల్లో హాస్టలు వాళ్ళం నలభై మందిమి కలిసి ఒక అర్జీ పెట్టేం. ఆరు నెలలుగా స్కాలర్‌షిప్పులు రాలేదు. మెస్సు బాకీ పేరుకుపోయింది. వంటవాడు మజ్జిగలో నీళ్ళు పోస్తున్నాడా, నీళ్ళలో మజ్జిగ పోస్తున్నాడా అని మేం పందాలు వేసుకునే స్థితికి వచ్చేం. ఇంగ్లీషు కాస్త వచ్చునని నాకో పేరుండేది కనక డ్రాఫ్టు నన్నే రాయమన్నారు. రాత్రంతా కూచుని రెండు ఠావుల అర్జీ తయారుచేసేను. అందరూ సంతకాలు పెట్టేరు.

పదిరోజులకి ఆ కాగితం తిరిగొచ్చింది. ఏ ఆఫీసునించి అన్నది ఇప్పుడు అనవసరం. డబ్బు సంగతి అందులో ఒక్క ముక్క లేదు. నా వాక్యాల మీద మాత్రం మూడుచోట్ల ఎర్రసిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. అంతే జవాబు.

మొదటి సున్నా ఎక్కడంటే, ది పేమెంట్ ఆఫ్ అవర్ స్కాలర్‌షిప్స్ ఆర్ పెండింగ్ సిన్స్ సిక్స్ మంత్స్ అని రాసేను. చెల్లింపు అన్నది ఒక్కటే గదా, దానికి ఆర్ ఏమిటి? పక్కనే స్కాలర్‌షిప్స్ అనే బహువచనం కనిపించేసరికి నా కలం అటు జారిపోయింది. సిక్స్ మంత్స్ ముందు సిన్స్ కాదు, ఫర్ రావాలి. క్రియ హేజ్ బీన్ పెండింగ్ అని ఉండాలి. రెండో సున్నా ఒక ఇట్ చుట్టూ ఉంది. ఫారం, రసీదు, చెక్కు అని మూడు వస్తువులు చెప్పి, గుమాస్తా ఇట్ పోగొట్టేడని రాసేను. ఏది పోగొట్టేడో దేవుడికే ఎరుక. మూడోది అన్నిటికన్నా చిత్రం. స్టూడెంట్స్ అన్నమాటలో అపాస్ట్రఫీని ఎస్‌కి ముందు పెట్టేను. దాంతో నలభై మందిమి కాస్తా ఒక్క విద్యార్థిమైపోయేం!

ఆ కాగితం పట్టుకుని మా ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి వెళ్ళేను. ఆయన చదివి నవ్వలేదు, జాలిపడలేదు కూడా. ట్రంకుపెట్టె తెరిచి అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం ఒకటి తీసి ఇచ్చి, వారంలో చదివి తీసుకురమ్మన్నారు. నాకు అప్పటికి గ్రామరంటే రెన్ అండ్ మార్టినే. ఆ రెన్ గారు బొంబాయి రాష్ట్రంలో విద్యాశాఖ ఉద్యోగం చేసినవాడనీ, 1924లో బో జెస్ట్ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నవాడనీ కూడా అప్పట్లో తెలీదు. మాస్టారిచ్చింది ఆయన పుస్తకం కాదు. విలియం కాబెట్ అనే ఒకానొక మాజీ సిపాయి రాసిన ఇంగ్లీషు వ్యాకరణం. అది చదివేక ఆ మనిషి కథ కూడా తెలుసుకోవాలనిపించింది. అప్పటినించి దొరికిందల్లా చదువుతూ వచ్చేను. సావెనీరుకి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగితే, గ్రామరు పాఠం రాస్తే ఎవరూ చదవరు గనక, గ్రామరు నేర్చుకున్న ఒక మనిషి కథ రాస్తున్నాను.

కాబెట్ 1763 మార్చి 9న ఇంగ్లండులో సర్రే జిల్లా ఫార్నమ్ అనే ఊళ్ళో పుట్టేడు. తండ్రి చిన్న రైతు, ఒక సత్రం కూడా నడిపేవాడు. తాత అయితే ఉట్టి పాలేరు. కుర్రాడు ఊహ తెలిసేటప్పటికే పొలంలో పిట్టల్ని అదిలించే పనిలో ఉన్నాడు. బడి లేదు. పగలంతా పని చేయించి, పొద్దుపోయేక తండ్రే పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు నేర్పేడు. పదకొండో ఏట, క్యూ అనే చోట రాజుగారి తోటలు చాలా బావుంటాయని ఎవరో చెప్పగా విని, మర్నాడు పొద్దున్నే కట్టుబట్టలతో నడిచి బయల్దేరేడు. జేబులో ఆరున్నర పెన్నీలున్నాయి. దారిలో రొట్టెకీ, జున్నుకీ కొంత పోయింది, ఒక అర పెన్నీ ఎక్కడో జారిపోయింది, మూడు పెన్నీలు మిగిలేయి. రిచ్‌మండ్ చేరేసరికి ఒక పుస్తకాల కొట్టు కిటికీలో స్విఫ్టు రాసిన ఎ టేల్ ఆఫ్ ఎ టబ్ కనిపించింది. వెల మూడు పెన్నీలు. రాత్రి భోజనమా, పుస్తకమా? పుస్తకం కొని, గడ్డివామి పక్కన కూచుని, చీకటి పడేదాకా చదివి, అక్కడే పడి నిద్రపోయేడు. అందులో కొంత అర్థం కాలేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అయినా ఆ పుస్తకం చాలా ఏళ్ళు అతని వెంట తిరిగింది. చివరికి అమెరికా తీరంలో ఫండీ అఖాతంలో ఓడ మీంచి పడిపోయింది. తర్వాత అతను పోగొట్టుకున్న డబ్బు వేల పౌన్లు. ఆ పుస్తకం పోయినందుకు పడ్డంత బాధ ఆ డబ్బు పోయినప్పుడు పడలేదట.

1783లో లండను పారిపోయి ఒక వకీలు దగ్గర గుమాస్తాగా తొమ్మిది నెలలు చీకటి గదిలో మగ్గేడు. అది భరించలేక 1784లో పటాలంలో చేరేడు. నావికాదళం అనుకుని చేరబోతే కాల్బలం అయింది. 54వ రెజిమెంటు. చాతమ్ బారకాసుల్లో ఏడాది పైగా ఉన్నాడు. అతని అసలు చదువు ఇక్కడ మొదలైంది. కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే కనక కాస్త నిదానంగా చెపుతాను.

చేతిరాత బావుంటుందని ఆ దండు అధికారి డెబ్బీగ్ దొర అతన్ని కాగితాలు నకలు రాయడానికి పెట్టుకున్నాడు. రాత బానే ఉంది గాని గ్రామరు తెలీదు. రాసిన ఉత్తరాల్లో తప్పులొచ్చేవి. దొర మంచివాడు, గ్రామరు నేర్చుకుంటే పైకొస్తావని హితవు చెప్పేడు. కాబెట్ వెళ్ళి బిషప్ లౌత్ రాసిన వ్యాకరణం కొనుక్కున్నాడు. 1762లో అచ్చయిన ఆ పుస్తకానికి అప్పట్లో ఇంగ్లండంతటా గొప్ప పేరు. షేక్‌స్పియరు, మిల్టను లాంటి మహామహుల వాక్యాల్లో కూడా తప్పులు ఎత్తి చూపించిన ధైర్యశాలి ఆ బిషప్పు. అయితే చదువుకున్నవాళ్ళ కోసం రాసేడు గనక మన సిపాయికి మొదట్లో ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడేం చేసేడంటే, పుస్తకం మొత్తం చేత్తో నకలు రాసేడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. తర్వాత మొత్తం బట్టీ పట్టేడు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మొదటినించి చివరిదాకా అప్పజెప్పుకునేవాడు. కాపలా డ్యూటీ పడ్డప్పుడల్లా తుపాకీ భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తూ మొత్తం వల్లించేవాడు. మన అగ్రహారాల్లో అమరం వల్లించినట్టన్నమాట.

జీతం రోజుకి ఆరు పెన్నీలు. తిండీ బట్టా పోగా సిపాయి చేతికి మిగిలేది వారానికి రెండు పెన్నీలు. కలమో కాగితమో కొనాలంటే ఆ పూట కడుపు మాడ్చుకోవాలి. కొవ్వొత్తికీ నూనెకీ డబ్బుల్లేవు. చలికాలం రాత్రుళ్ళు గదిలో మంట వెలుగే దీపం, అదీ తన వంతు వచ్చినప్పుడు మాత్రమే. కూచోడానికి మంచం అంచు, పుస్తకాల బీరువాకి బదులు వీపు సంచీ, బల్లకి బదులు ఒళ్ళో చెక్కముక్క. చుట్టూ పదిమంది సిపాయిలు నవ్వుతూ, పాడుతూ, పోట్లాడుకుంటూ ఉంటారు. ఒక శుక్రవారం ఎలాగో అర పెన్నీ మిగిల్చి, మర్నాడు ఎండుచేప కొనుక్కుందామని దాచుకున్నాడు. రాత్రి ఆకలి తట్టుకోలేక బట్టలు విప్పుతూ చూసుకుంటే అది కాస్తా ఎక్కడో పడిపోయింది. చిరిగిన దుప్పటిలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేడు. వీధిదీపం కింద చదువుకుని పెద్దవాళ్ళయిన వాళ్ళ కథలు మనం చిన్నప్పటినించీ వింటున్నవే. అయితే ఆ కథల్లో చదువు మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ ఆ ఎండుచేప కూడా కనిపిస్తుంది, అందుకే నాకు ఇది ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

తర్వాత 1785 నించి 1791 దాకా రెజిమెంటుతో కెనడా తీరంలో న్యూ బ్రన్‌స్విక్‌లో ఉన్నాడు. గ్రామరు అక్కడ తన ప్రతాపం చూపించింది. రెజిమెంటులో లెక్కలూ ఉత్తరాలూ రిపోర్టులూ సరిగ్గా రాయగలిగినవాడు ఇతనొక్కడే. ముప్ఫై మంది సార్జెంట్లని దాటించి ఇతన్ని సార్జెంట్ మేజర్ చేసేరు. కొత్త కవాతు పద్ధతి వచ్చినప్పుడు అధికారులకి అది నోటికి రాక, ఆజ్ఞలన్నీ చిన్న చిన్న కార్డుల మీద ఇతని చేత రాయించుకుని, చేతిలో దాచుకుని చూసి చదివేవారు. భుజకీర్తులు తళతళలాడుతున్న దొరలు రైతు కొడుకు రాసిచ్చిన చీటీలు చూసి ఆజ్ఞలివ్వడం ఊహించుకోండి. ఆ పెద్దమనుషుల మీద గౌరవం అతనికి అక్కడే నశించింది. మళ్ళీ జీవితంలో రాలేదు.

అక్కడే ఆన్ రీడ్ కనిపించింది. ఫిరంగిదళ సార్జెంటు కూతురు, పదమూడేళ్ళది. తెల్లవారకుండానే మంచులో నిలబడి తొట్టి తోముతుంటే చూసి, ఈ పిల్లనే చేసుకుంటానన్నాడు. ఆమె కుటుంబం ఇంగ్లండు తిరిగి వెళ్తున్నప్పుడు తను కూడబెట్టిన 150 గినీలు ఆమె చేతిలో పెట్టి, ఇబ్బంది పడకుండా వాడుకోమన్నాడు. నాలుగేళ్ళ తర్వాత తను వెళ్ళి చూస్తే, ఆమె ఏడాదికి ఐదు పౌన్ల జీతానికి ఒక ఇంట్లో పనిమనిషిగా ఉంది. గినీల సంచీ విప్పకుండా తెచ్చి చేతిలో పెట్టింది. 1792 ఫిబ్రవరిలో పెళ్ళి చేసుకున్నారు.

సిపాయిల సొమ్ము అధికారులు తినేస్తున్నారని రెజిమెంటు పుస్తకాల్లోంచి రుజువులు నకలు రాసి పెట్టుకుని కేసు పెట్టేడు. తీరా చూస్తే సాక్షులు రారు, పుస్తకాలు భద్రంగా ఉంచరు, పైగా తన మీదే ఎదురు నేరం మోపబోతున్నారని తెలిసింది. భార్యని తీసుకుని ఫ్రాన్సు పారిపోయి, అక్కణ్ణించి అదే ఏడాది అమెరికా చేరేడు. ఫిలడెల్ఫియాలో ఫ్రెంచి శరణార్థులకి ఇంగ్లీషు చెప్పుకుని బతికేడు. వాళ్ళకోసం 1795లో ఫ్రెంచిలో ఒక ఇంగ్లీషు వ్యాకరణం కూడా వేసేడు. అంటే అతని మొదటి గ్రామరు ట్యూషన్ల లోంచి పుట్టిందే. పీటర్ పోర్కుపైన్, అనగా ముళ్ళపంది, అనే కలం పేరుతో కరపత్రాలు రాసి అమెరికా రాజకీయ నాయకుల్ని దుమ్మెత్తి పోసేడు. బెంజమిన్ రష్ అనే ప్రసిద్ధ వైద్యుణ్ణి, రోగుల రక్తం తీసి తీసి చంపుతున్నాడని రాసి 1799లో 5000 డాలర్ల పరువునష్టం తగిలించుకున్నాడు. 1800లో స్వదేశం వచ్చేసేడు.

1802లో పొలిటికల్ రిజిస్టర్ అనే వారపత్రిక పెట్టేడు. అది మధ్య మధ్య చిన్న విరామాలతో అతను చచ్చిపోయేదాకా నడిచింది. పార్లమెంటు చర్చల్ని వరసగా అచ్చువేసే పని మొదలెట్టిందీ ఇతనే. 1812లో డబ్బు ఇబ్బందుల వల్ల ఆ హక్కు తన ముద్రాపకుడు హాన్‌సర్డ్‌కి అమ్ముకున్నాడు. ఈనాటికీ లండను పార్లమెంటు చర్చల సంపుటాల్ని హాన్‌సర్డ్ అంటారు. పేరు కొన్నవాడికి పోయింది, కష్టం మొదలెట్టినవాడిది.

మొదట్లో కాబెట్ ప్రభుత్వ పక్షంవాడే. నెమ్మదిగా ఎదురు తిరిగేడు. 1809లో ఈలీ అనే ఊళ్ళో స్థానిక సేనలోని కుర్రాళ్ళు తమ జీతంలో వీపు సంచీకి కోత పెట్టినందుకు తిరగబడితే, జర్మను గుర్రపు దళాన్ని దింపి, ఐదుగురికి ఐదేసి వందల కొరడా దెబ్బలు శిక్ష వేసేరు. వీపు సంచీలో పుస్తకం పెట్టుకుని చదివినవాడికి ఎంత మండి ఉండాలో ఆలోచించండి. మండినదంతా రాసేడు. 1810లో రెండేళ్ళ జైలు, వెయ్యి పౌన్ల జరిమానా పడ్డాయి. న్యూగేట్ జైల్లో ఉండి పత్రిక నడిపేడు. పల్లెలోని పిల్లలు బుట్టలో పళ్ళూ పువ్వులూ పెట్టి, దుక్కి సంగతులూ గొర్రెల సంగతులూ ఉత్తరాలుగా రాసి పంపేవారు. తిరుగు బుట్టలో తండ్రి జవాబులు వెళ్ళేవి. ఆ పిల్లలు వాక్యం రాయడం నేర్చుకున్నది అలా.

ఇక గ్రామరు పుస్తకం సంగతి. నెపోలియను యుద్ధాలయ్యేక ఇంగ్లండులో కరువు, నిరుద్యోగం. ఓటు హక్కు కావాలని కూలీలూ నేతగాళ్ళూ పార్లమెంటుకి అర్జీలు పెట్టేరు. 1816 చివర కాబెట్ తన పత్రిక వెల రెండు పెన్నీలకి దించేడు. గిట్టనివాళ్ళు దాన్ని రెండు పెన్నీల చెత్త అన్నారు. అతను తర్వాత అదే పేరు ఒక పత్రికకి పెట్టుకున్నాడు! సారా కొట్లలో ఒకడు చదువుతుంటే చుట్టూ మూగి వినేవారు. 1817 మొదట్లో పార్లమెంటు గడప దగ్గరికి వందల కొద్దీ అర్జీలు వచ్చిపడ్డాయి. సభవారు వాటిలో చాలావాటిని తీసుకోనే లేదు. కొన్నిటిని చేత్తో రాయక అచ్చు వేసేరు కనక చెల్లవన్నారు, కొన్నిటిని భాష మర్యాదగా లేదు కనక చెల్లవన్నారు. ఇది వాళ్ళకి కొత్త కూడా కాదు. 1793లో నాటింగ్‌హామ్ ప్రజల అర్జీని కూడా భాష బాగోలేదనే తిప్పికొట్టేరు. అర్జీలో ఏం అడిగేరన్న ఊసు లేదు, ఎలా అడిగేరన్నదే పాయింటు. ఇది చదివినప్పుడు నాకు నా ఎర్రసిరా సున్నాలు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. మాస్టారు ఎందుకు ఈ పుస్తకమే ఇచ్చేరో అప్పుడు తెలిసింది.

ఆ మార్చిలో ప్రభుత్వం హెబియస్ కార్పస్ చట్టాన్ని నిలిపివేసింది. విచారణ లేకుండా జైల్లో తోసెయ్యొచ్చు. కాబెట్‌కి పీకలోతు అప్పులు కూడా ఉన్నాయి. మళ్ళీ అమెరికా పారిపోయేడు. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండులో పొలం కౌలుకి తీసుకుని పశువుల్ని మేపుకుంటూ, పద్నాలుగేళ్ళ కొడుకు జేమ్స్‌కి ఉత్తరాలు రాస్తున్నట్టుగా ఈ గ్రామరు రాసేడు. 1818లో న్యూయార్కులోనూ, 1819లో లండనులోనూ అచ్చయింది. సాధారణంగా బడిపిల్లల కోసం, అంతకన్నా ముఖ్యంగా సిపాయిలూ, నావికులూ, పని నేర్చుకునే కుర్రాళ్ళూ, అరక దున్నే కుర్రాళ్ళ కోసమని పుస్తకం పేరులోనే పెట్టేడు. అదే 1817లో, మన బ్రౌను దొర మదరాసులో ఓడ దిగేడు. తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చువేసేడు. పాలించేవాడు పాలితుల భాషకి గ్రామరు రాయడం అది. కాబెట్‌ది ఎదురు దారి, పాలించేవాడి భాషని దున్నేవాడి చేతికివ్వడం.

పుస్తకం చాలా సరదాగా ఉంటుంది. సమూహ నామాల గురించి చెపుతూ ఉదాహరణలకి పార్లమెంటునీ, అల్లరిమూకనీ, హైకోర్టు లాంటి రాజ న్యాయస్థానాన్నీ, దొంగల గుహనీ ఒకే వరసలో కూచోబెట్టేడు. వ్యాఖ్యానం ఏమీ చెయ్యలేదు. చెయ్యాల్సిన పనీ లేదు. లౌత్ బిషప్పు కవుల తప్పులు పట్టేడు గదా, ఇతను డాక్టర్ జాన్సను మహాశయుడి వ్యాసాల్లోనూ, వాట్సు తర్కశాస్త్రంలోనూ పట్టి, అంతటితో ఊరుకోక రాజు ప్రసంగాల్లోనూ, విదేశాంగ మంత్రి కాసల్‌రే ఉత్తరాల్లోనూ, వాటర్లూ వీరుడు వెల్లింగ్టను రాతల్లోనూ, ఒక బిషప్పు ఉపన్యాసంలోనూ పట్టేడు. తర్వాతి ముద్రణలో దీనికోసమే రాజనీతిజ్ఞులకి ఆరు పాఠాలని విడిగా చేర్చేడు. దున్నేవాడు రాజుగారి వాక్యంలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెతుకుతున్నాడంటే, ఇక ఆ రాజుగారి మాటకి పూర్వంలా గడగడలాడడు.

చెప్పిన సంగతులు మాత్రం చాలా మామూలివి, మనకి ఈనాటికీ పనికొచ్చేవి. ఇట్ అనే మాటని కాగితం మీద పెట్టేముందు అది దేనిని సూచిస్తుందో బాగా ఆలోచించుకోమన్నాడు. ఇంగ్లీషు రచనలో సగం గందరగోళం ఆ రెండక్షరాల వల్లే వస్తుందని అతని నమ్మకం. మన భాషలో అది, వాడు, ఆమె అంటే క్రియ చివర డు, ది, రు అంటూ కొంత సాక్ష్యం చెపుతుంది. ఇంగ్లీషు క్రియ నోరు మెదపదు. కర్త ఏకవచనమా బహువచనమా అన్నది, మధ్యలో ఎన్ని మాటలు దూరినా మర్చిపోవద్దన్నాడు. ది లిస్ట్ ఆఫ్ ది సెలెక్టెడ్ కాండిడేట్స్ అని మొదలుపెడితే ఈజ్ అనే అనాలి, ఎంతమంది అభ్యర్థులు అడ్డొచ్చినా సరే. మన నోటీసుబోర్డు మీద నేను ఆర్ చాలాసార్లు చూసేను. ఎవరు రాసేరని అడగను.

విరామ చిహ్నాల దగ్గర అతనికి కొంచెం కోపం ఎక్కువ. ఫుల్‌స్టాపు, కోలన్, సెమికోలన్, కామా, ఈ నాలుగింటినీ వాక్యంలో చిన్నవీ పెద్దవీ ఆగుళ్ళుగా, అర్థం విడదీసే గుర్తులుగా చెప్పేడు. డాష్ గీతలు విచ్చలవిడిగా గీసేవాళ్ళని నమ్మొద్దన్నాడు, ఎక్కడ ఏ గుర్తు పెట్టాలో తెలీనివాడు గీత గీస్తాడని. అక్షరం మింగేసి అపాస్ట్రఫీ పెట్టడం, డు నాట్ అనడానికి డోంట్ అనడం లాంటివి, ఉట్టి బద్ధకం అన్నాడు. ఇక్కడ నేను అతనితో ఏకీభవించను. మాట్లాడినట్టు రాయమని ఒకపక్క చెపుతూ, మాట్లాడేటప్పుడు అందరూ మింగే అక్షరాన్ని రాతలో మింగకూడదంటే ఎలా? గ్రామరు పంతులు ప్రతివాడిలోనూ ఒక మూల చాదస్తం ఉంటుంది గాబోలు.

అన్నట్టు, ఈ గుర్తులేవీ ఆకాశంలోంచి ఊడిపడ్డవి కావు. సెమికోలన్ని అచ్చులో మొదట వాడింది వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్, 1496 ప్రాంతంలో. మన తాళపత్రాల్లో అయితే మాటకీ మాటకీ మధ్య ఎడమే లేదు, పద్యం చివర ఒక నిలువుగీత గీస్తే గొప్ప. తెలుగులో సామాన్యంగా క్రియ వాక్యం చివర కూచుని, అయిపోయిందహో అని చాటింపు వేస్తుంది కనక గుర్తు లేకపోయినా పని జరుగుతుంది. ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉండి దాని వెనక ఎంత తోక అయినా సాగుతుంది. అందుకే మన కుర్రాళ్ళు ఇంగ్లీషు రాస్తే ఫుల్‌స్టాపు పెట్టాల్సినచోట కామా పెట్టి, మళ్ళీ ఇంకో వాక్యం తగిలించి, రైలుపెట్టెల్లా లాక్కుపోతారు. అది తెలివితక్కువ కాదు, భాష అలవాటు. తెలిస్తే దిద్దుకోవచ్చు.

పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. అలాగని తప్పుల్లేవని కాదు. 1883లో ఆల్ఫ్రెడ్ ఐర్స్ అనే అమెరికను ఇతని గ్రామరులోని గ్రామరు తప్పుల్ని దిద్దుతూ ఒక ప్రతి వేసేడు. అందరి అర్జీలూ దిద్దినవాడి అర్జీ కూడా దిద్దేరన్నమాట.

అతన్ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. నీగ్రో బానిసల విముక్తి కోసం పోరాడేవాళ్ళని ఎద్దేవా చేసేడు. ఇంగ్లీషు కూలీ ఆకలితో చస్తుంటే వాళ్ళ గొడవేమిటన్నాడు, ఆ నల్లవాళ్ళ గురించి రాసిన మాటలు చదవడానికి సిగ్గేస్తుంది. యూదుల గురించి రాసినవీ అంతే. కూలివాడి కడుపు మంట అంత బాగా తెలిసినవాడికి, చర్మం రంగు మారేసరికి ఆ మంట కనిపించకపోవడం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. ఇక బంగాళాదుంప మీదా, తేనీటి మీదా అతని పగ మాత్రం నవ్వు తెప్పిస్తుంది.

1819లో లాంగ్ ఐలండులో ఇల్లు తగలబడింది. కొన్నాళ్ళు గుడారంలో ఉండి, ఆ ఏడాది చివర ఇంగ్లండు వచ్చేడు. వస్తూ వస్తూ, ఒకప్పుడు తను తిట్టిపోసిన టామ్ పెయిన్ ఎముకల్ని సమాధి తవ్వి పెట్టెలో పెట్టి తెచ్చేడు, స్వదేశంలో గొప్ప స్మారకం కట్టిద్దామని. ఎవరూ చందాలివ్వలేదు. ఎముకలు ఇంట్లోనే ఉండిపోయి, అతని తర్వాత చేతులు మారి మారి జాడ లేకుండా పోయేయి. 1820ల్లో గుర్రమెక్కి దక్షిణ ఇంగ్లండు పల్లెలన్నీ తిరిగి, చూసిన పొలాలూ, చూసిన ఆకలీ రాసేడు. 1830లో పుస్తకంగా వచ్చిన ఆ రూరల్ రైడ్స్ వల్లే సాహిత్యంలో అతని పేరు నిలిచింది. 1831లో రాజద్రోహం రాతల కేసులో తన వాదన తనే చేసుకున్నాడు. జ్యూరీ వాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేక వదిలేసేరు. 1832లో ఓల్డమ్ నించి పార్లమెంటు సభ్యుడయ్యేడు. అర్జీలు తిప్పికొట్టిన ఆ గడప లోపలికి అరవై తొమ్మిదో ఏట అడుగు పెట్టేడు. లోపల మాత్రం పెద్దగా రాణించలేదు. అర్ధరాత్రి దాకా సాగే సమావేశాలు పొద్దున్నే లేచే రైతుకి పడలేదు. 1834లో బీదల్ని వర్క్‌హౌసుల్లోకి తోసే చట్టాన్ని గట్టిగా ఎదిరించేడు, ఆపలేకపోయేడు.

1835 జూన్ 18న తన పొలంలోనే పోయేడు. ముందురోజు పనివాళ్ళ చేత తనని మోయించుకుని పైర్లన్నీ ఒకసారి చూసుకున్నాడు. ఫార్నమ్ చర్చి ఆవరణలో పాతిపెట్టేరు. ఏ కొడుక్కి ఆ ఉత్తరాలు రాసేడో ఆ జేమ్స్ వకీలయ్యేడు, 1830లో ఇటాలియను వ్యాకరణం ఒకటి రాసేడు. తండ్రి పోయిన తర్వాత ఆ ఇంగ్లీషు గ్రామరుకి ఉచ్చారణ గురించి ఒక అధ్యాయం తనే చేర్చి మళ్ళీ అచ్చువేయించేడు.

వారం తర్వాత పుస్తకం తిరిగి ఇవ్వబోతే మాస్టారు తీసుకోలేదు, ముందు అర్జీ తిరగరాయమన్నారు. రెండు ఠావులది అర ఠావు అయింది. ఒక్కొక్క వాక్యంలో ఒక్కొక్క సంగతి. ఒక్క ఇట్ కూడా లేదు. అపాస్ట్రఫీ ఎస్ తర్వాత పెట్టి, మేం నలభై మందిమని ఖాయం చేసుకుని పంపించేం. ఈసారి ఎర్రసిరా రాలేదు. డబ్బు మార్చిలో వచ్చింది.

సంతకం పెట్టి తీసుకున్నది ముప్ఫై ఏడుగురం. ముగ్గురు సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. అందులో ఒకడు మా గదివాడే. వాడి రెన్ అండ్ మార్టిను, లోపల వాడి పేరు రాసుకున్నది, పరీక్షలయ్యేదాకా కిటికీలోనే ఉంది.